మూడు రోజుల్లో 41 మీటింగులు: మిలాన్ వెళ్ళాలా, మానేయాలా?

ప్రశ్న: నా వయసు 33. మాది ఖమ్మం జిల్లా. హైదరాబాద్‌లో ఒక చిన్న బల్క్ డ్రగ్ (మాత్రల్లో వేసే ముడి మందు) కంపెనీ ఎగుమతుల విభాగంలో ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను. ఇన్నాళ్ళూ మెయిళ్ళు, కొటేషన్లు, షిప్పింగ్ పేపర్లు... అంతా కూర్చుని చేసే పనే. అక్టోబరులో ఇటలీలోని మిలాన్‌లో జరిగే సీపీహెచ్ఐ అనే మందుల పరిశ్రమ ఎగ్జిబిషన్‌కి మా మేనేజర్ వెళ్ళాలి. ఆయనకి ఆరోగ్యం బాగోలేక నన్ను వెళ్ళమన్నారు. వీసా వచ్చేసింది. ఆయన ముందే ఒప్పుకున్న మీటింగులు మూడు రోజుల్లో 41. మాకు స్టాల్ లేదు, మనమే వాళ్ళ స్టాళ్ళకి వెళ్ళాలి. నేనెప్పుడూ దేశం దాటలేదు. ఇంగ్లీషు రాయగలను కానీ గబగబా మాట్లాడలేను. శాకాహారిని. ఆరేళ్ళ బాబుని అత్తగారి దగ్గర వదిలి వెళ్ళాలి, వాడు నేను లేకుండా ఒక్క రాత్రి కూడా ఉండలేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. వెళ్ళనని చెప్పేస్తే మంచిదా? వెళ్తే ఎలా నెట్టుకురావాలి?

సమాధానం: వెళ్ళండమ్మా. అయితే ఆ 41 మీటింగులతో వెళ్ళకండి.

ముందు ఈ లెక్క మీ మేనేజర్ గారి ముందు పెట్టండి. మూడు రోజులకి 41 అంటే రోజుకి దాదాపు 14. ఒక్కోటి అరగంట వేసుకున్నా కూర్చుని మాట్లాడటానికే ఏడు గంటలు పోతాయి. మీకు స్టాల్ లేదు కాబట్టి ప్రతి మీటింగు తర్వాత లేచి ఇంకో చోటికి నడవాలి. ఎగ్జిబిషన్ జరిగేది మిలాన్ ఊళ్ళో కాదు, పక్కనున్న రో అనే చోట. 2005లో తెరిచిన ఆ ఫియెరా మిలానో చాలా పెద్దది. హాళ్ళ మధ్యలో అలల్లా వంపులు తిరిగిన గాజు కప్పు కింద ఒక నడక దారి ఉంటుంది, అదొక్కటే కిలోమీటరు పైన. ఒక హాల్లో మీటింగు ముగించుకుని ఆ చివర హాల్లో ఇంకో స్టాలు వెతుక్కుని చేరాలంటే 15 నిమిషాలు సులువుగా పడుతుంది. అంటే 14 మీటింగుల్లో నీళ్ళు తాగడానికి, బాత్రూమ్‌కి వెళ్ళడానికి కూడా టైము లేదు. మధ్యాహ్నానికల్లా అరగంట ఆలస్యం, సాయంత్రానికి గంటన్నర. ఆలస్యంగా వెళ్ళిన చోట మీ కోసం ఎవరూ కూర్చుని ఉండరు.

రోజుకి ఎనిమిది చాలు. మూడో రోజు ఆరే పెట్టుకోండి, ఎందుకంటే ఆ రోజు మధ్యాహ్నం నుంచే చాలామంది స్టాళ్ళు సర్దేసి విమానాలకి బయల్దేరతారు. మొత్తం 22. మిగతా 19 మందిలో మీ పాత కస్టమర్లు ఎవరో, మీరు చేసే మందులు అసలు కొనే అవకాశమే లేనివాళ్ళు ఎవరో ఆరేళ్ళుగా మెయిళ్ళు చూస్తున్న మీకు మేనేజర్ కంటే బాగా తెలుస్తుంది. పాతవాళ్ళకి ముందే వీడియో కాల్ పెట్టేయండి. కొననివాళ్ళకి మర్యాదగా ఒక మెయిల్ చాలు. ఒప్పుకున్న 22 మీటింగుల్ని కూడా హాలు నంబర్ల ప్రకారం సర్దుకోండి. పొద్దున రెండు హాళ్ళు, మధ్యాహ్నం రెండు హాళ్ళు... అలా అయితే కాళ్ళు నిలబడతాయి. ఈ మాట చెప్పడానికి మొహమాటపడకండి. మేనేజర్ గారికి కావలసింది ఆర్డర్లు. 41 అన్న అంకెతో ఆయనకి పనిలేదు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఈ తప్పు నేను చేశాను. నేను మొదటిసారి ఇదే ఎగ్జిబిషన్‌కి వెళ్ళింది ఫ్రాంక్‌ఫర్ట్‌లో. సీపీహెచ్ఐ 1990లో మొదలైంది కూడా ఆ ఊళ్ళోనే, తర్వాత ఏడాదికో ఊరు తిరుగుతోంది. అప్పుడు మా ఆఫీసువాళ్ళు రోజుకి 15 మీటింగులు వేశారు. రెండో రోజు రాత్రి హోటల్ గదిలో మంచం మీద విజిటింగ్ కార్డులు పరుచుకుని కూర్చున్నాను. యాభై పైనే ఉన్నాయి. ఎవరు ఏం అడిగారో గుర్తు రావడం లేదు. ఒకాయన మెత్తగా పొడి చేసిన గ్రేడు, మన వాడుకలో మైక్రనైజ్డ్, కావాలన్నాడు. ఇంకొకాయన మామూలు గ్రేడు అన్నాడు. ఇద్దరివీ నీలం రంగు కార్డులే. ఇంటికొచ్చాక మైక్రనైజ్డ్ అడిగినాయనకి మామూలు గ్రేడు రేటు పంపాను. ఆయన మళ్ళీ జవాబు రాయలేదు. నెలల తరబడి మెయిళ్ళు రాసి సంపాదించుకున్న పరిచయం అలా పోయింది. ఆ మంచం మీది కార్డులు నాకు ఇప్పటికీ కళ్ళ ముందు కనిపిస్తాయి.

అందుకని ఒక చిన్న పుస్తకం కొనుక్కోండి. ఫోన్ వద్దు, జేబులో పట్టే పుస్తకమే. మీటింగు అయిపోయి స్టాలు బయటికి రాగానే, నాలుగు అడుగులు పక్కకి జరిగి నిలబడి, ఆ కంపెనీ పేరు కింద నాలుగే విషయాలు రాయండి: ఏ మందు, ఏ గ్రేడు, ఏడాదికి ఎన్ని కిలోలు, మనం ఏ తేదీలోపు ఏం పంపాలి. తెలుగులో రాసుకున్నా పర్లేదు. మనిషి గుర్తుండటానికి ఏదైనా ఒక ఆనవాలు కూడా రాయండి: తెల్ల గడ్డం, కూతురు డాక్టరు చదువుతోంది అన్నారు, ఇలాంటివి. ఇది చేయడానికి మీటింగుకీ మీటింగుకీ మధ్య పది నిమిషాలు కావాలి. రోజుకి ఎనిమిదే పెట్టుకోమన్నది సగం ఈ పది నిమిషాల కోసమే.

ఇక ఇంగ్లీషు. ఇక్కడ మీరు భయపడుతున్నంత లేదు. ఎదుటి కుర్చీలో కూర్చునేది ఇటలీ ఆయనో, టర్కీ ఆవిడో, బ్రెజిల్, కొరియా, స్పెయిన్ వాళ్ళో. వాళ్ళకీ ఇంగ్లీషు బడిలో నేర్చుకున్న భాషే. గబగబా మాట్లాడేవాళ్ళ కంటే నిదానంగా, చిన్న వాక్యాల్లో మాట్లాడేవాళ్ళే వాళ్ళకి సుఖం. మీరు నిదానంగా మాట్లాడితే వాళ్ళు లోపల సంతోషిస్తారు, నేను చాలాసార్లు చూశాను. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. మనం అవును అనడానికి తల అటూ ఇటూ ఊపుతాం. అది చూసి వాళ్ళు ఒప్పుకున్నామో లేదో తేల్చుకోలేరు. నోటితో యెస్ అనండి, నో అయితే నో అనండి.

అంకెలు మాత్రం నోటితో వదిలేయకండి, కాగితం మీద రాసి చూపించండి. ఇటలీలోనూ యూరప్‌లో చాలా దేశాల్లోనూ మనం కామా పెట్టే చోట చుక్క, చుక్క పెట్టే చోట కామా పెడతారు. వాళ్ళు 1.500 కిలోలు అని రాస్తే అది కిలోన్నర కాదు, 1500 కిలోలు. 2,50 యూరోలంటే రెండున్నర యూరోలు. లక్షలు, కోట్లు వాళ్ళకి అర్థం కావు. ఇది తెలియక కొటేషన్లు తారుమారైన సందర్భాలున్నాయి.

వాళ్ళు ఏం అడుగుతారో మీకు ఇప్పటికే సగం తెలుసు, మెయిళ్ళలో జవాబులు రాస్తున్నది మీరే కదా. అమెరికాకి డీఎంఎఫ్ (మందు తయారీ వివరాలతో అక్కడి అధికారులకి ఇచ్చే ఫైలు) ఉందా, యూరప్‌కి సీఈపీ (మందు వాళ్ళ ప్రమాణాలకి సరిపోతుందనే సర్టిఫికెట్) ఉందా, బ్యాచ్ సైజు ఎంత, ఆఖరి ఆడిట్ ఎప్పుడు జరిగింది, కనీస ఆర్డరు ఎంత, సరుకు ఎన్ని వారాల్లో వస్తుంది. యూరప్ కొనుగోలుదారులు రిటన్ కన్ఫర్మేషన్ గురించి తప్పకుండా అడుగుతారు. 2013 జులై నుంచి మన బల్క్ డ్రగ్ యూరప్‌లోకి వెళ్ళాలంటే, ఫ్యాక్టరీ యూరప్ ప్రమాణాలకి సమానంగా ఉందని మన దేశపు అధికారులు రాసిచ్చిన ఆ పత్రం ఉండాలి. మీ దాని గడువు ఎప్పటిదాకా ఉందో బయల్దేరే ముందే చూసుకోండి. 2018లో వాల్సార్టాన్ అనే బీపీ మందులో క్యాన్సర్ తెచ్చే ప్రమాదమున్న నైట్రోసమైన్ మలినాలు బయటపడ్డాక, వాటి మీద ప్రశ్న లేకుండా మీటింగు సాగడం అరుదు. మీ క్యూఏ (నాణ్యత చూసే) వాళ్ళని కూర్చోబెట్టుకుని, మీ ఒక్కో మందుకీ ఒక్కో పేజీ తయారు చేయించుకోండి. ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకోండి. హాళ్ళలో వేలమంది ఒకేసారి ఫోన్లు వాడుతుంటే ఇంటర్నెట్ మొరాయిస్తుంది.

తెలియనిది అడిగితే ఊహించి చెప్పొద్దు. రేపు మధ్యాహ్నంలోపు చెప్తాను అనండి, చెప్పండి. ఇక్కడే టైము లెక్క పనికొస్తుంది. అక్టోబరు చివరి ఆదివారం దాకా మిలాన్ మనకంటే మూడున్నర గంటలు వెనక. అక్కడ మధ్యాహ్నం రెండైతే ఇక్కడ ఐదున్నర, మీ ఆఫీసువాళ్ళు బ్యాగులు సర్దుకుంటుంటారు. ఆ మూడు రోజులూ రెగ్యులేటరీలో, అంటే అనుమతుల కాగితాలు చూసే విభాగంలో, ఒక్కరైనా రాత్రి తొమ్మిది దాకా ఫోనుకి అందుబాటులో ఉండేలా మేనేజర్ గారితో ముందే మాట్లాడండి. 41 తగ్గించడం కంటే ఇది ఒప్పించడం తేలిక.

ఇంకో మాట, ఇది మాత్రం మరచిపోవద్దు. ఎవరు ఎంత బతిమాలినా మందుల శాంపిళ్ళు మీ పెట్టెలో పెట్టుకుని వెళ్ళకండి. చిన్న కవర్లో తెల్లటి పొడి, పైన చేత్తో రాసిన లేబులు. విమానాశ్రయంలో దాన్ని చూసినవాళ్ళు ఏమనుకుంటారో మీకు చెప్పక్కర్లేదు. శాంపిళ్ళు సరైన కాగితాలతో కొరియర్‌లోనే వెళ్ళాలి.

ప్రయాణం సంగతికొస్తే, ఎగ్జిబిషన్‌కి కనీసం ఒక పూర్తి రోజు ముందు దిగండి. హైదరాబాద్ నుంచి గల్ఫ్ మీదుగానో ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానో వెళ్తారు, మధ్యలో విమానం మారాలి. పైగా 2025 అక్టోబరు నుంచి యూరప్ సరిహద్దుల్లో బయటి దేశస్తుల వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించే కొత్త పద్ధతి మొదలైంది, ఫొటో కూడా తీసుకుంటారు. లైన్లు నెమ్మదిగా కదలొచ్చు. దిగిన రోజు ఏ మీటింగూ ఒప్పుకోకండి. మాల్పెన్సా ఎయిర్‌పోర్టు ఊరికి దూరం. అక్కడి నుంచి మాల్పెన్సా ఎక్స్‌ప్రెస్ రైలు ఉంది, కాడోర్నా స్టేషన్‌కి ముప్పావుగంట లోపే చేరుస్తుంది. ఇటలీలో రవాణా సమ్మెలు మామూలే, కానీ ముందే ప్రకటిస్తారు. షో-పేరో అన్న మాట ఎక్కడ కనిపించినా, వినిపించినా సమ్మె అని అర్థం. వెళ్ళే వారంలో ఏమైనా ఉందేమో హోటల్ వాళ్ళని మెయిల్లో అడగండి.

హోటల్ ఎర్ర మెట్రో లైను మీద ఉండేలా చూడండి. ఎం1 అంటారు. దాని ఒక చివరే రో ఫియెరా స్టేషన్, దిగితే ఎగ్జిబిషన్. అయితే ఈ లైను పగానో దగ్గర రెండుగా చీలుతుంది. ఒక కొమ్మ రో ఫియెరాకి, ఇంకోటి బిషేల్యేకి. మొదటి రోజు పొద్దున హడావిడిలో వచ్చిన రైలెక్కి బిషేల్యే వైపు వెళ్ళిపోయి తిరిగొచ్చేవాళ్ళు ఏటా ఉంటారు. బోర్డు మీద రో అని ఉన్న రైలే ఎక్కండి. రో ఊరి హద్దు అవతల కాబట్టి టికెట్ మామూలు సిటీ టికెట్ కంటే కొంచెం ఎక్కువ. బ్యాంకు కార్డు గేటుకి తాకించి వెళ్తే అదే లెక్క కట్టుకుంటుంది. బయటికి వచ్చేటప్పుడు కూడా అదే కార్డు తాకించాలి. రద్దీలో హ్యాండ్‌బ్యాగ్ ముందుకి వేసుకోండి, దువోమో, సెంట్రల్ స్టేషన్ల దగ్గర జేబుదొంగలు ఎక్కువ.

బట్టల గురించి మీరు అడగలేదు కానీ చెప్తాను. సల్వార్ కమీజ్, చీర, ప్యాంటు షర్టు, ఏది వేసుకుంటే మీకు ధైర్యంగా ఉంటుందో అదే వేసుకోండి. అక్టోబరులో చలి మొదలవుతుంది, వాన పడొచ్చు. ఒక కోటు, గొడుగు ఉండాలి. చెప్పులు మాత్రం కొత్తవి వద్దు. ఇప్పుడు కొంటే ఈ రోజు నుంచే ఇంట్లో వేసుకుని తిరగండి.

తిండి. మిలాన్‌లో శాకాహారికి పస్తు ఉండాల్సిన పని లేదు. కానీ చూసి మోసపోయే వంట ఒకటుంది. కుంకుమపువ్వు వేసి పసుప్పచ్చగా వండే అన్నం, రిసోట్టో అల్లా మిలనేజే అంటారు. పులిహోరలా కనిపించి ప్రాణం లేచొస్తుంది. పాత పద్ధతిలో దాన్ని ఎముక మూలుగతో, మాంసం ఉడికించిన నీళ్ళతో వండుతారు. అడగకుండా తినకండి. సోనో వెజెటారియానా, నేను శాకాహారిని. సెన్సా కార్నే, సెన్సా పేషే, మాంసం వద్దు, చేప వద్దు. ఈ మూడు ముక్కలు కంఠతా పట్టండి. స్పగెట్టి ఆల్యో ఓల్యో పెపెరొంచీనో అని ఒకటి ఉంటుంది: వెల్లుల్లి, ఆలివ్ నూనె, ఎండుమిర్చి, అంతే. మన నాలుకకి అది హాయిగా ఉంటుంది. రాత్రి హోటళ్ళ వంటగదులు ఏడు, ఏడున్నరకి గానీ మొదలుపెట్టవు. ఎగ్జిబిషన్ నుంచి ఆకలితో ఆరింటికి వస్తే తలుపులు మూసి ఉంటాయి, కాబట్టి బ్యాగులో ఏదో ఒకటి ఉండాలి.

ఇంటి నుంచి కారప్పొడి, వేయించిన అటుకులు, ఆవకాయ తీసుకెళ్ళండి. ఆవకాయ చెక్-ఇన్‌లో వేసే పెట్టెలోనే. నెయ్యి, కోవా, పాలతో చేసిన స్వీట్లు, పచ్చి కరివేపాకు వద్దు, యూరప్‌లోకి వాటిని తీసుకురానివ్వరు. గదిలో కెటిల్ ఉంటుందనుకుని ఉప్మా ప్యాకెట్లు సర్దకండి, అక్కడ చాలా హోటళ్ళలో ఉండదు. ముందే అడిగి తెలుసుకోండి.

రాత్రి విందుల గురించి ఒక్క మాట. అక్కడ ఎనిమిదింటికి మొదలయ్యే డిన్నరు మన ఒంటికి రాత్రి పదకొండున్నర. మూడు రాత్రుల్లో ఒక్కదానికి వెళ్ళండి, మీకు అతి ముఖ్యమైన కస్టమర్ పిలిచిన దానికి. వైన్ వద్దంటే ఎవరూ ఏమీ అనుకోరు, నీళ్ళ గ్లాసు ఎత్తితే సరిపోతుంది. పదింటికి లేచి, రేపు పొద్దున తొమ్మిదికి మీటింగు ఉందని చెప్పి నమస్కారం పెట్టి వచ్చేయండి. రాత్రి పూట ఒంటరిగా అయితే తెల్ల రంగు అధికారిక టాక్సీ పిలిపించమని రెస్టారెంటు వాళ్ళనే అడగండి.

బాబు గురించి చివర్లో రాశానంటే చిన్న సంగతి అని కాదు. మీ ఉత్తరంలో అన్నిటికంటే బరువైన వాక్యం అదే. వెళ్ళనని చెప్పేద్దామా అన్న మాట వెనక ఉన్నది ఇంగ్లీషు భయం కంటే వాడేనని నాకు అనిపించింది. నా కూతురికి ఐదేళ్ళున్నప్పుడు నేనూ వెళ్ళాను. ఎయిర్‌పోర్టు కారులో అంత దూరం ఏడుస్తూనే కూర్చున్నాను. కాబట్టి ఊరికే ధైర్యం చెప్పను, నేను చేసింది చెప్తాను.

వాడికి అమ్మ ఆరు రోజులు ఊరెళ్తుంది అని చెప్తే అర్థం కాదు. ఒక కాగితం మీద ఆరు గళ్ళు గీసి ఫ్రిజ్‌కి అంటించండి. రోజూ రాత్రి పడుకునే ముందు వాడి చేత ఒక గడి కొట్టించమని నానమ్మకి చెప్పండి. బయల్దేరే ముందు ఒకటి రెండు రాత్రులు మీరు ఇంట్లో ఉండగానే నానమ్మ పక్కన పడుకోబెట్టి అలవాటు చేయండి. రాత్రి వాడు పడుకునే తొమ్మిదింటికి ఫోన్ చేస్తానని మాత్రం మాటివ్వకండి. అప్పుడు అక్కడ సాయంత్రం ఐదున్నర, మీరు ఏ హాల్లో చిక్కుకుని ఉంటారో తెలియదు. మాట తప్పితే వాడు ఎదురుచూసి ఏడుస్తాడు.

పొద్దునకి మాటివ్వండి. ఇక్కడి నుంచి వెళ్ళినవాళ్ళకి మొదటి రోజుల్లో అక్కడ తెల్లవారుజామున నాలుగింటికల్లా తెలివి వచ్చేస్తుంది, ఒంటికి అది ఏడున్నర కాబట్టి. అందరూ దాన్ని తిట్టుకుంటారు. మీకు మాత్రం అది కలిసొచ్చింది. అక్కడ నాలుగైన వేళకి ఇక్కడ వాడు ఇడ్లీ ముందు పెట్టుకుని కూర్చుని ఉంటాడు. దీపం వేయక్కర్లేదు, దుప్పటి కప్పుకునే వీడియో కాల్ చేయండి. వాడు తినడం చూడండి, బ్యాగులో లంచ్ బాక్స్ పెట్టుకున్నాడో లేదో అడగండి, స్కూల్ బస్సు వచ్చేదాకా మాట్లాడండి. రోజూ ఇంట్లో ఆ వేళకి మీరు హడావిడిలో ఉంటారు, వాడితో పది నిమిషాలు కూర్చోవడం కుదరదు. అక్కడ కుదురుతుంది. ఏడున్నరకి ఫోన్ దగ్గర ఉండమని, ఛార్జింగ్ చూసుకోమని అత్తగారికి ఇప్పుడే చెప్పి పెట్టండి.